చేతిలో ఏముంది

ఫారం పట్టుకుని వచ్చిన పశువుల డాక్టరుకి
మా ఆయన నమ్‌స్రాయ్ లెక్క చెప్పాడు.
పోయినవి మూడు వందల డెబ్బై ఒకటి.
మిగిలినవెన్నో అతను అడగలేదు.
ఫారంలో ఆ గడి లేదు.

నేను పొయ్యి పక్కన అటు తిరిగి పడుకున్నాను,
పంతొమ్మిది రోజులు.
మా గుడారాలకు మూలలుండవు.
దుఃఖానికి ఒదిగి కూర్చునే చోటు దొరక్క
గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఉత్తరాన మళ్ళీ మంచు, అనేది రేడియోలో పిల్ల
పేరంటానికి పిలిచినంత తియ్యగా.
నేను బ్యాంకు వడ్డీ తలుచుకునేదాన్ని,
ఈ ఏడు మేకబొచ్చు ధర ఎంత పలుకుతుందో అని,
డిసెంబరులో కురిసిన ఆ దిక్కుమాలిన వానని.
మంచు మీద వాన, వాన మీద చలి,
గడ్డి మీద గాజుపలక.
దాన్ని గీరి గీరి మూతులు చీరుకుపోయిన గొర్రెలు
వెళ్ళిన దారంతా ఎర్రచుక్కలు.
వానని నేనే పిలిచినట్టు
నేనే పొమ్మనాల్సినట్టు
అన్నిటినీ పడుకునే మోశాను.
పడుకుని మోస్తే బరువు రెట్టింపు,
ఈ సంగతి ఒంటెలకు కూడా తెలుసు.

"లే యాంజ్‌మా, టీ తాగు" అనేవాడు.
"నా చేతిలో ఏముంది?" అనేదాన్ని.
అతను జవాబు చెప్పేవాడు కాదు.
మోటారుసైకిలుకి కళేబరాలు కట్టి
గుంట దాకా ఈడ్చుకెళ్ళేవాడు.

ఇరవయ్యో రాత్రి గాలి లేచింది.
అతను ఊళ్ళో లేడు, అప్పు వాయిదాకి పట్నం పోయాడు.
గుడారం పడమటి పక్క జానెడు పైకి లేచి
దబ్బున కూర్చుంది.
గిన్నెలు దొర్లాయి. నిప్పులు చెదిరాయి.

మా ఇళ్ళలో కప్పు నడినెత్తిన చక్రానికి
ఒక తాడు కట్టి ఉంటుంది.
మామూలు రోజుల్లో దాన్ని మడిచి వాసాల్లో దోపుతాం.
మా అత్త గుర్రపు జూలూ ఒంటె ఉన్నీ కలిపి పేనింది,
పేనుతూ తిట్టిన తిట్లు కూడా అందులోనే ఉన్నాయి.

ఆలోచించి లేచానని చెప్పను.
చెయ్యి లేచింది. దాని వెనక నేను.

తాడు చుట్టుకుని కిందికి వేలాడాను,
యాభై నాలుగేళ్ళ ఒళ్ళు
మొదటిసారి బరువుగా ఉన్నందుకు పనికొచ్చింది.
గాలితో ఏమీ మాట్లాడలేదు.
ఎందుకొచ్చావనలేదు. ఎప్పుడు పోతావనలేదు.
లాగినప్పుడు లాగాను,
అది ఊపిరి తీసుకున్నప్పుడు నేనూ తీసుకున్నాను.
నడిరేయి దాటాక ఎందుకో నవ్వొచ్చింది.
నా చేతిలో ఏముంది?
తాడుంది.

తెల్లారేసరికి ఆకలేసింది.
ఎంత సిగ్గులేని ఆకలి!
ఉప్పు టీలో ఎండుజున్ను నానబెట్టుకుని
నాలుగు గిన్నెలు తాగాను.
బయటికెళ్ళి, ఎవరూ అడక్కుండానే, లెక్కపెట్టాను.
నలభై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఒకటే.

చలికి ఒక చెవి రాలిపోయిన మేక ఉంది.
దాన్ని పట్టి పడేసి కాళ్ళు కట్టి
ఇనప దువ్వెనతో మెడ దగ్గర మొదలుపెట్టాను.
చలికాలమంతా దాన్ని బతికించిన మెత్తదనం
చిక్కులు చిక్కులుగా నా ఒళ్ళోకి వచ్చింది.
ఆ రోజుకి ఒక్క మేక. అంతే.
మర్నాడు మూడు.
ఆ మర్నాడు మళ్ళీ అటు తిరిగి పడుకున్నాను,
కానీ మధ్యాహ్నం దాకానే.

నమ్‌స్రాయ్ వచ్చాడు. అప్పు గడువు పెంచలేదట.
నా అరచేతుల మీది ఒరుపులు చూశాడు,
బస్తాలో బొచ్చు చూశాడు,
తలెత్తి తాడు చూశాడు.
"ముడి ఎవరేశారు? వదులుగా ఉంది."
"ఉంటుంది" అన్నాను.

రేడియోలో పిల్ల రేపటి గాలి సంగతి చెబుతోంది.
చెప్పనీ.
నేను స్టూలెక్కి
ముడి విప్పి మళ్ళీ వేస్తున్నాను.